అమ్మ ముడివేసిన బంతులు

సిరిసిల్లలో ఇప్పుడు నేను ఆడపిల్లలకు ఫుట్‌బాల్ నేర్పుతున్నాను. ప్రతి ఆటకూ నోటుబుక్కు పట్టుకుని కూర్చుంటాను. ఎవరు ఎన్ని పాసులిచ్చారు, ఎవరి కాలి దగ్గర బంతి పోయింది, అన్నీ రాస్తాను. మేడమ్‌కు లెక్కల పిచ్చి అని తోటి టీచర్లు నవ్వుతారు. నవ్వుకోనీ, నాకేం? లెక్కల్లేనప్పుడు ఎవరిని ఎంచేవారో నాకు బాగా తెలుసు. పొడుగ్గా ఉన్నదాన్ని, గోల్ కొట్టి చేతులెత్తి ఉరికినదాన్ని. నేనేమో పొట్టి, పైగా ఆడేది డిఫెన్స్. వరసగా రెండుసార్లు జగిత్యాల సెలెక్షన్స్‌కు పోయి ఉత్త చేతులతో కోరుట్ల బస్సెక్కాను.

మూడోసారి అమ్మకు ఒళ్లు మండింది. ఆ సంవత్సరం దాటితే నాకు వయసు మించిపోతుంది, ఇక జిల్లా జట్టు అన్న మాటే ఉండదు. బీడీలు చేసే మనిషి అమ్మ. రోజూ వందల బీడీలు కట్టలు కట్టి కార్ఖానాలో అప్పజెప్పినా ఒక్క బీడీ లెక్క తప్పదు. అంత లెక్క తెలిసినదానికి, తన బిడ్డను లెక్కలేకుండా పక్కన పెట్టడం అస్సలు మింగుడు పడలేదు.

పని మానుకుని నాతో జగిత్యాల వచ్చి గ్రౌండు గీత పక్కనే కూర్చుంది. చేతిలో రెండు బీడీ దారాలు. ఎర్రది నాది. నేను ఎడమవైపు. నల్లది కుడివైపు ఆడే నా దోస్తుది, మా గల్లీలో దర్జీ కూతురు. డిఫెన్స్‌లో మిగిలింది ఒక్క చోటే, అది మా ఇద్దరిలో ఒకరికే. ఎవరివైపు నుంచి బంతి దాటిపోయినా ఆ దారానికి ఒక ముడి. ఫుట్‌బాల్‌లో అమ్మకు తెలిసిందల్లా అదే.

హాఫ్ టైంలో దారాలు తీసుకుపోయి సెలెక్షన్ సారు ముందు పెట్టింది. నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు, ఒక్కొక్క ముడీ తడిమి లెక్కపెట్టాడు. ఎర్రదానికి ఒకటి, నల్లదానికి ఎనిమిది. గోల్స్ తప్ప ఇంకేం రాసుకోలేదని ఒప్పుకుని, ఎడమవైపు పిల్లనే తీసుకుంటున్నా అన్నాడు. నా కడుపు నిండిపోయింది. అబద్ధమెందుకు, ఎగిరి గంతేయాలనిపించింది.

నా దోస్తు మాత్రం తల వంచుకుని బూటు లేసు కట్టుకుంటోంది. ఆ లేసు ఊడిందీ లేదు, పాడైందీ లేదు. దాన్ని చూడగానే నాకు చిర్రెత్తుకొచ్చింది. సారు మీద కాదు, ఆ ఒకటి మీద, ఆ ఎనిమిది మీద.

"సార్, లెక్క కరెక్టే," అన్నాను. "గనీ అవుతలి జట్టుల బంతి తీస్కొని ఉరికే మెట్‌పల్లి పిల్ల అస్సలు నా దిక్కు రాలే. ఉరికినంత సేపు దీని దిక్కే ఉరికింది. నేను ఊకె నిలబడ్డ. మమ్ములను అటిటు మార్చి ఆడిపియ్యుండ్రి."

నా దోస్తు నా చెయ్యి గిల్లి, పిచ్చి లేచిందా అని ఉర్దూలో తిట్టింది. సారు సరేనని మమ్మల్ని అటూ ఇటూ మార్చాడు.

మెట్‌పల్లి పిల్ల గాలిలా వచ్చేది. ఎటు తిరుగుతుందో తెలిసేలోపే నన్ను దాటిపోయేది. మోకాళ్లు చెక్కుకుపోయాయి, ఊపిరి ఆడలేదు, అయినా తప్పుకోలేదు. ఆట అయ్యాక ముడులెన్నని సారు అమ్మనే అడిగాడు. నా బిడ్డ దిక్కు పన్నెండు, దాని దోస్తు దిక్కు ఒకటి అని అమ్మ నా మొహం చూడకుండా చెప్పింది. అదే పిల్లను నా దోస్తు ఎనిమిది దగ్గర ఆపింది. చోటు దానికి దక్కింది. దక్కాల్సింది దానికే.

కోరుట్ల బస్సులో సగం దారి దాకా అమ్మ ఆ దారాలు వేలికి చుట్టుకుంటూ కూర్చుంది. తర్వాత మెల్లగా అంది: "నువ్వు నోరు మూసుకుంటె నీ పేరే ఉండు గద బిడ్డా. ఎందుకు చెప్పినవ్?"

"మరి నువ్వెందుకు పన్నెండని చెప్పినవ్? ఆరని చెప్తె ఎవ్వలకు తెలుసు?"

అమ్మకు కోపమొచ్చింది.

"ఆరెట్ల చెప్త? పోయినయి పన్నెండాయె."