పంటిగాటు

ఆమెను వీధిలో అందరూ పళ్లమ్మ అంటారు. కొత్తగా వచ్చినవాళ్లు బత్తాయిలున్నాయా అని తలుపు కొట్టడమూ జరిగింది. ఆమె చేసేది కట్టుడు పళ్లు. డాక్టర్లు పంపిన నోటి అచ్చుల్లో ప్లాస్టర్ పోస్తుంది. గట్టిపడ్డాక మైనంతో చిగుళ్లు కట్టి, పళ్లు ఒక్కొక్కటే కూర్చుతుంది. ఆమె పనిచేసే లాబ్‌లో గోడల నిండా అరలు, అరల నిండా తెల్లటి నోళ్లు. ఏ నోటికీ మొహం ఉండదు. అచ్చును చేతిలోకి తీసుకుంటే చాలు, ఆ మనిషి ఏ పక్క నములుతారో చెప్పేస్తుంది.

ఇంట్లో తినే వస్తువులు మాయమవడం వానాకాలంలో మొదలైంది. ముందు బిస్కెట్లు. తర్వాత రొట్టె, మధ్యలో మెత్తటిదంతా పోయి పైపెంకు మాత్రం మిగిలింది. కూతురి పుట్టినరోజుకు తెచ్చిన కేకు అట్టపెట్టెలో పెట్టింది పెట్టినట్టే కనబడింది. మూత తీస్తే లోపల ఏమీ లేదు.

పగలంతా ఇంట్లో ఉండేది అత్తగారొక్కతే. ఆవిడకు షుగరు.

"ఇంకెవరమ్మా? గోడలు తిన్నాయా?" అన్నాడు భర్త.

"నాకేం తెలుసురా. నేను మధ్యాహ్నం పళ్లు తీసి గ్లాసులో వేసి పడుకుంటాను. చిగుళ్లతో కేకంతా చప్పరించానంటావా?"

అతను నవ్వలేదు. అలమారకు తాళం వేశాడు. తల్లి బట్టల సంచి వెతికాడు. చివరికి ఆదివారం అక్క ఇంటికి పంపించేయాలని నిశ్చయించాడు. అక్కడ ఆవిడకు హాల్లో టీవీ కింద పక్క వేస్తారు. మనవలు ఆవిడను దాటుకుంటూ తిరుగుతారు. ఆవిడ వెళ్లనని అనలేదు. దువ్వెన, కళ్లజోడు పెట్టె, మందులు సర్దుకోవడం మొదలుపెట్టింది.

ఆ గురువారం సాయంత్రం పళ్లమ్మ ఫ్రిజ్ తెరిస్తే వెన్న దిమ్మకు గాటు కనిపించింది. చాకుతో కోసింది కాదు. ఎవరో కాగితం ఒలిచి, నిలబడి నేరుగా కొరికారు. ఒక్కో పన్నూ విడివిడిగా దిగింది.

ఆమె దిమ్మను లైటు కిందికి తీసి చూసింది. ఆ వెంటనే, ఇక తేలిపోతుంది అనుకుంది. మర్నాడు దిమ్మను ఐసుముక్కల మధ్య పెట్టి లాబ్‌కు తీసుకెళ్లింది. ఇంట్లో ముగ్గురికీ ఎప్పుడో తను తీసిన అచ్చులు అక్కడే ఉన్నాయి. ముందు అత్తగారిది ఆనించి చూసింది. తను కూర్చిన వరుస, గీత గీసినట్టు ఉంటుంది. గాటులో ఒక కోరపన్ను ముందుకు తోసుకొచ్చి ఉంది. కుదరలేదు. భర్త దవడ మరీ వెడల్పు. కూతురిది మరీ చిన్నది.

అంటే నాలుగో నోరు. పగటిపూట ఎవరో ఇంట్లోకి వస్తున్నారు. ముసలావిడ నిద్రపోతూ ఉండగా వంటింట్లో నిలబడి తింటున్నారు. తాళం మార్పించాలి.

ప్లాస్టర్ కలుపుతున్న పెద్ద మేస్త్రీ వంగి చూశాడు. "ఏంటమ్మాయ్, వెన్నదొంగను పట్టుకుంటున్నావా?"

"మీకు తెలిసిన నోరేమో చూడండి."

"తెలీకేం. నువ్వు పని నేర్చుకునేటప్పుడు నీ నోటి అచ్చు తీసింది నేనే కదా. నీదే ఇది."

"నా కోరపన్ను ఆ పక్కది కాదండీ."

"నీ నోరు నువ్వెప్పుడు చూశావు? అద్దంలోనేగా. ఎదురుగా నిలబడి చూసేవాళ్లకు పక్క మారుతుంది. గాటులోనూ అంతే."

ఆయన నవ్వుతూ ప్లాస్టర్ గిన్నె దగ్గరికి వెళ్లిపోయాడు. ఆమె నాలుక దానంతటదే ఆ పన్ను మీదికి వెళ్లింది.

నిన్నటి సాయంత్రాన్ని గుర్తు చేసుకోబోయింది. బస్సు దిగడం గుర్తుంది. తాళం తీయడం గుర్తుంది. పొద్దుటి నుంచి ఏమీ తినలేదు. ఒళ్లు తగ్గాలని మధ్యాహ్నం డబ్బా తెచ్చుకోవడం మానేసింది. ఆ తర్వాత గుర్తున్నది కుళాయి కింద చేతులు. మధ్యలో ఏమీ లేదు. ఇన్నాళ్లూ అక్కడ ఒక ఖాళీ ఉందని కూడా ఆమెకు తెలియదు.

ఇంటికి వచ్చి చెప్పులు విడవకుండానే అత్తగారి గది గుమ్మంలో నిలబడింది.

"అత్తయ్యా, వెన్న తిన్నది నేనే. కేకూ నేనే."

వెనకనుంచి భర్త, "పంపడం ఇష్టం లేక కథలు చెప్తున్నావా?" అన్నాడు.

"నువ్వు ఆగరా," అంది ఆవిడ. కోడలి వైపు తిరిగింది. "ఆకలేసిందా?"

"లేదు. తెలీదు. తిన్నట్టే గుర్తులేదు."

ఆవిడ సంచి ఒళ్లోకి లాక్కుంది. "నా సంచిలో చెయ్యి పెట్టాడు. కన్నకొడుకు," అంది. సంచిలోంచి దువ్వెన తీసి మళ్లీ కిటికీలో పెట్టింది. ఆ పూట కోడలితో మళ్లీ మాట్లాడలేదు.

పళ్లమ్మ వెళ్లి చూపించుకున్న డాక్టరు నిందించలేదు. రోజంతా కడుపు మాడ్చుకుంటే ఒళ్లు ఊరుకోదని, బతిమాలదు, లాక్కుంటుందని చెప్పింది. మూడు పూటలా వేళకు తినాలి. కూర్చుని తినాలి. నిలబడి ఏదీ నోట్లో వేసుకోకూడదు. సాయంత్రం వంటింట్లోకి ఒంటరిగా వెళ్లకూడదు. సిగ్గుపడి దాచినంత కాలం ఇది పోదు, పెరుగుతుంది. వారానికోసారి ఇలాంటివాళ్లే నలుగురు కూర్చుని మాట్లాడుకునే చోటు కూడా చెప్పింది. పళ్లమ్మ వెళ్లింది. మొదటిరోజు నోరు తెరవలేదు. పక్కన కూర్చున్న పోస్టాఫీసు గుమస్తా, తన ఇంట్లో కూడా ఎవరో తిరుగుతున్నట్టే ఉండేదని చెప్పాడు.

మధ్యాహ్నం డబ్బా మళ్లీ మొదలైంది. కొన్ని వారాలు బాగానే గడిచాయి. ఒకరోజు జామ్ సీసా ఖాళీ అయింది. ఈసారి మధ్యలో కొంత గుర్తుంది. చెంచా సీసా అడుగున గీరుకున్న చప్పుడు. ఆ మాట కూడా అత్తగారికి చెప్పింది. "అయితే రేపు నన్ను లేపు," అంది ఆవిడ.

మర్నాడు సాయంత్రం బస్సు దిగి ఇంటికి వచ్చేసరికి ఎండ ఇంకా గోడల మీద ఉంది. వంటింటి తలుపు ఓరగా ఉంది. లోపల ఎవరో తనకంటే ముందే వచ్చి, చప్పుడు చేయకుండా ఎదురుచూస్తున్నట్టు అనిపించింది. ఆమె తలుపు మీద చెయ్యి వేసి, తీసేసింది. అత్తగారి గదిలోకి వెళ్లింది.

"అత్తయ్యా, లేవండి."

"ఏమైంది?"

"ఏం లేదు. నాతో వంటింట్లోకి రండి."

పళ్లు కూడా పెట్టుకోకుండా ఆవిడ లేచింది. కోడలిని వెనక్కి జరిపి తనే ముందు వెళ్లింది. వెలుతురు ఉన్నా లైటు వేసింది. ఫ్రిజ్ వెనక, తలుపు మూల, బల్ల కింద వంగి నిదానంగా చూసింది.

"ఎవరూ లేరు, రా," అని రెండు కుర్చీలు లాగింది.