వెళ్లని మిషన్‌కు పెట్టిన టిక్కు

నాకు ఓపిక తక్కువ. పప్పు ఉడికిందో లేదో చూడకుండానే పోపు పెట్టేసే రకం. అలాంటి నన్ను దేవుడు తీసుకెళ్లి సికింద్రాబాద్ మొత్తంలో అందరికంటే నిదానమైన మనిషి చేతికింద పడేశాడు.

తొంభైల నాటి సంగతి. స్టేషన్‌కు నడిచి వెళ్లేంత దూరంలో ఉన్న చిన్న కంప్యూటర్ కంపెనీలో నాకు మొదటి ఉద్యోగం. అక్కడ మా పైన ఉండేది మేడమ్. గుంటూరు వైపు క్రైస్తవ కుటుంబం. కొన్నేళ్లు బడిలో లెక్కలు చెప్పి, నలభై దాటాక కంప్యూటర్లు నేర్చుకుని ఇటు వచ్చారు. సైనిక్‌పురి నుంచి రోజూ బస్సులో వచ్చేవారు. ఆవిడ టిఫిన్ డబ్బా పక్కన ఎప్పుడూ ఒక అట్ట నోట్‌బుక్ ఉండేది.

కంపెనీ పని కాక ఆవిడకు సొంత పని ఒకటి ఉండేది. ఒక టెక్స్ట్ ఎడిటర్. అంటే కంప్యూటర్‌లో రాసుకుని, దిద్దుకుని, దాచుకునే ప్రోగ్రామ్. ఏ దేశంలోనో ఒక విద్యార్థి రాసి మధ్యలో వదిలేస్తే ఈవిడ చేరదీశారు. దాని సోర్స్, అంటే ప్రోగ్రామ్ అసలు రాత, అంతా బహిరంగమే. ఎవరైనా తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు, ఆ మార్చింది మళ్లీ నలుగురికీ పంచాలి. అప్పట్లో మిషన్లను నడిపే యూనిక్స్ అనే వ్యవస్థ ఒక్కటి కాదు, మిషన్ చేసిన ప్రతి కంపెనీదీ ఒక్కో యూనిక్స్. ఒకచోట బాణం మీట నొక్కితే కర్సర్ బుద్ధిగా పైకి వెళ్లేది, ఇంకోచోట అదే మీటకు తెర మీద చెత్త అక్షరాలు పడేవి. మేడమ్ ఆ తేడాలన్నీ ఒక్కొక్కటే సర్ది, మోడెమ్ మీద ఈమెయిల్‌లో కొత్త కాపీ పంపేవారు. ఎక్కడెక్కడి వాళ్లో తెచ్చుకుని వాడేవారు.

ఆ సర్దడంలో ఆవిడకో పద్ధతి ఉంది. వాళ్ల చర్చిలో పాస్టరుగారు సభ్యుల ఇళ్లకు ఒక్కొక్కటిగా వెళ్లి పలకరించి, ప్రార్థన చేసి వస్తారట. విజిటింగ్ అంటారు. మేడమ్ మిషన్లకు విజిటింగ్ చేసేవారు. ఊళ్లో మా ఎడిటర్ నడిచే ప్రతి మిషన్‌కూ ఆ అట్ట నోట్‌బుక్‌లో ఒక పేజీ. కొత్త కాపీ పంపే ముందు ఫ్లాపీ పట్టుకుని స్వయంగా ప్రతిచోటికీ వెళ్లాలి, అక్కడే కంపైల్ చేయాలి, అంటే ఆ మిషన్‌కు అర్థమయ్యేలా ప్రోగ్రామ్‌ను తయారుచేయాలి, పంతొమ్మిదో ఎక్కం టైపు చేయాలి, అది దాచుతుండగా మధ్యలో ప్రోగ్రామ్‌ను కావాలనే చంపేసి, ఫైల్ బతికిందో లేదో చూడాలి. అప్పుడే ఆ పేజీలో టిక్కు, పక్కన తేదీ.

"ఏ ఎక్కమైనా ఒకటే కదా మేడమ్?" అన్నానోసారి.

"రెండో ఎక్కం నోటికొచ్చేస్తుందమ్మా, చూడకుండానే సరే అనేస్తాం. పంతొమ్మిదైతే ఆగి చూస్తాం," అన్నారు.

నేను చేరాక సగం మిషన్లు నాకు అప్పగించారు. మల్కాజ్‌గిరిలో మా ఇంట్లో ఇది పెద్ద వేళాకోళం అయిపోయింది. విజయనగరం నుంచి వచ్చి ఇరవై ఏళ్లయినా మాట మార్చుకోని మా అమ్మ, "ఏటే, ఆ మిషన్లకేటి ఒంట్లో బాగోలేదా, రోజూ ఎళ్లి చూసొస్తన్నావు?" అనేది. నాకూ లోపల అలాగే ఉండేది. రెండు బస్సులు మారి వెళ్లి పంతొమ్మిదో ఎక్కం రాసి రావడానికా ఇంజనీరింగ్ చదివింది?

నా పేజీల్లో ఒకటి లాలాగూడ దగ్గరి ఒక ఆఫీసుది. అక్కడొక క్లర్కుగారు, రిటైర్మెంటుకు దగ్గరపడినవారు, మా ఎడిటర్‌కు వీరాభిమాని. వాళ్ల నాన్న, చిన్నాన్న రైల్వే వర్క్‌షాపులో చేసినవాళ్లు. ఆయన రోజూ భోజనాల గంటలో తన ముచ్చట కొద్దీ ఒక ఫైల్ రాసుకునేవారు. వర్క్‌షాపు పాతకాపులు వాడే పనిముట్ల పేర్లు. పట్టకారు, ఆకురాయి, దాగలి, పానా, ఇంకా నేనెన్నడూ వినని మాటలు ఎన్నో. మిషన్‌కు తెలుగు రాదు కనుక ఇంగ్లీషు అక్షరాల్లోనే రాసేవారు. ప్రతి మాట కిందా అదేం పనికి వాడతారో రాసి, "చెప్పినవారు" అని ఆ మాట చెప్పిన ముసలాయన పేరు తప్పకుండా పెట్టేవారు. ఆదివారాలు వాళ్ల ఇళ్లకు వెళ్లి అడిగి తెచ్చుకున్నవి అవన్నీ. ఇంకో కాపీ లేదు. కాపీలు దాచే ఆఫీసు టేపు మీద ఆఫీసు ఫైళ్లకే చోటు.

ఆ ఏడాది నేనొక మెరుగు చేశాను. మా ఎడిటర్ దాచేటప్పుడు ముందు రెండో కాపీ రాసి, అది బాగుందనుకున్నాకే పాతదాన్ని తీసేసేది. డిస్క్ నిండితే రెండో కాపీకి చోటుండదు, దాచనని మొండికేసేది. వాడేవాళ్లు గొణిగేవారు. నేనేం చేశానంటే, చోటు లేకపోతే పాత ఫైల్‌ను ఖాళీ చేసి అక్కడే కొత్తది రాసేయమన్నాను. ఖాళీ చేసిన చోటు మనకే దొరుకుతుంది కదా! మేడమ్ రెండు రోజులు ఆలోచించి, "అన్ని మిషన్లూ చూసి రా, అప్పుడు చూద్దాం," అన్నారు. శనివారం కొత్త కాపీ పంపుతామని అప్పటికే అందరికీ రాసి ఉన్నారు.

గురువారానికి అన్నీ అయ్యాయి, లాలాగూడ తప్ప. శుక్రవారం బంద్. బస్సుల్లేవు, లోకల్ రైళ్లు లేవు, ఇంట్లో కూర్చున్నాను. లాలాగూడ మిషన్, తార్నాకలో చూసి వచ్చిన మిషన్ ఒకే కంపెనీవి, ఒకే యూనిక్స్. అన్నం ఉడికిందో లేదో ఒక మెతుకు పట్టి చూస్తే చాలదా? శనివారం పొద్దున లాలాగూడ పేజీలో టిక్కు పెట్టి, శుక్రవారం తేదీ వేశాను. ఆ పేజీ అడుగున మేడమ్ చేతిరాతలో ఒక వాక్యం ఉంది. నేను చదవలేదు.

మేడమ్ నోట్‌బుక్ తిరగేశారు. ఆ పేజీ దగ్గర ఒక్క క్షణం ఆగారు. మూసేసి, కొత్త కాపీ అందరికీ, లాలాగూడకూ పంపేశారు.

రెండు వారాలకు ఫోన్ వచ్చింది. నేనే ఎత్తాను. క్లర్కుగారు.

"బిడ్డా, నా ఫైల్ తెరిస్తే ఏం లేదు. మొత్తం ఖాళీ. గిట్లెట్ల అయింది? జెర మేడమ్‌కు ఫోను ఇయ్యి."

దొంగకు తేలు కుట్టినట్టయింది నాకు. రిసీవర్ మేడమ్‌కు ఇచ్చాను. ఆవిడ విని, "మిషన్‌ను ఎవరినీ ముట్టుకోనివ్వకండి సార్. ప్రింటింగ్ ఆపించండి. ఒక్క అక్షరం కూడా కొత్తగా దాని మీద పడకూడదు. వస్తున్నాం," అన్నారు. ఆటోలో ఆవిడ ఏమీ అడగలేదు. అడిగితే బాగుండుననిపించింది.

డిస్క్‌లో చివరి కొంత చోటును మిషన్ తన కోసం గీత గీసి అట్టేపెట్టుకుంటుంది. అక్కడ డిస్క్ తరచూ ఆ గీత దాటి నిండిపోయేదట, ప్రింటింగ్ ఫైళ్లతో. అలా గీత దాటాక, ఎవరైనా తన ఫైల్ ఖాళీ చేసినా ఆ చోటును మిషన్ మామూలు మనిషికి తిరిగి ఇవ్వదు. నా మెరుగు పాత ఫైల్‌ను ఖాళీ చేసింది, కొత్తది రాయలేకపోయింది. తార్నాక మిషన్‌కు ప్రింటర్ లేదు, దాని డిస్క్ ఎప్పుడూ అంతగా నిండలేదు.

క్లర్కుగారు కుర్చీ అంచు మీద కూర్చుని ఉన్నారు. కోపం లేదు, అరుపు లేదు. "చెప్పిన ముసలోళ్లల్ల ఇద్దరు సచ్చిపోయిండ్రు మేడమ్," అన్నారు. "మల్ల అడుగుదామంటే లేరు."

మేడమ్ ఆయన ఎదురుగా నిలబడి, "తప్పు మాది సార్," అన్నారు. తర్వాత నేను జీవితంలో చూసిన అతి గొప్ప పని మొదలుపెట్టారు. ఫైల్ పోయినా అక్షరాలు డిస్క్ మీద ఎక్కడో ఇంకా ఉంటాయి, పైన వేరేది రాసేదాకా. డిస్క్‌ను ఫైళ్లుగా కాక మొదటి నుంచి చివరిదాకా ఒకే చాపలాగా పరిచి వెతకాలి. దేన్ని వెతకాలి? "మీరు ప్రతిసారీ తప్పకుండా రాసే మాట ఏదైనా ఉందా సార్?" అని అడిగారు.

"చెప్పినవారు," అన్నారాయన వెంటనే. "అది రాయకుంటే ఎట్ల? వాళ్ల మాట కదా."

ఆ ఒక్క మాటను పట్టుకుని మేడమ్ డిస్క్ అంతా గాలించారు. దొరికిన ప్రతి ముక్కనూ కేబుల్ మీదుగా ఇంకో మిషన్‌కు పంపారు. పొద్దున పదకొండు నుంచి సాయంత్రం దాకా కుర్చీలోంచి లేవలేదు. నేను టీ తెచ్చి పెడితే చల్లారిపోయింది. ముక్కలు వరస తప్పి వచ్చాయి, సగం సగం మాటలతో. ప్రింటు తీసి ఇస్తే క్లర్కుగారు రెండు రోజులు పెన్సిల్‌తో వరస పెట్టారు. ఏ మాట ఏ ఇంటి అరుగు మీద విన్నారో ఆయనకు గుర్తుంది. దాదాపు అంతా వచ్చింది. కొలిమి పని గురించి ఒక ముసలాయన చెప్పిన రెండు పేజీలు రాలేదు. శీర్షిక, ఆయన పేరు మాత్రం దొరికాయి. ఆయన పోయి అప్పటికి మూడు నెలలు.

ఆ మొదటి రోజు సాయంత్రం తిరుగు ప్రయాణంలో ఆటోలో ఏడ్చేశాను. "నేను వెళ్లలేదు మేడమ్. వెళ్లకుండానే టిక్కు పెట్టాను. రెండూ ఒకే మిషన్లు కదా, ఒక మెతుకు చూస్తే చాలనుకున్నా."

"ఒకే కుండలో అన్నానికమ్మా ఆ మాట. ఇవి రెండు కుండలు." రోడ్డు వైపు చూస్తూ అన్నారు: "శుక్రవారం బంద్ అని నాకు తెలియదా? నేనూ ఇంట్లోనే ఉన్నాగా. ఆ తేదీ చూశాను. అడిగితే నువ్వు నిజం చెప్పేస్తావు. చెబితే శనివారం పంపడానికి ఉండదు. అందుకని అడగలేదు. నీది ఎంతో నాదీ అంతే."

క్లర్కుగారి ఆఫీసులో "తప్పు మాది" అన్నప్పుడు, నా తప్పును తన మీద వేసుకుంటున్నారనుకున్నాను. కాదు, ఆవిడ తన తప్పునే తాను చెప్పుకున్నారు. అంతవరకూ నాకు ఆవిడంటే భయం, కొంచెం విసుగు. ఆ ఆటోలో ఆవిడ మీద పుట్టిన గౌరవం ఇప్పటికీ ఇసుమంతైనా తగ్గలేదు.

మర్నాడు నోట్‌బుక్‌లో ఆ పేజీ అడుగున రాసింది చదివాను. "ఇక్కడ డిస్క్ తరచూ నిండిపోతుంది. దగ్గరుండి చూడాలి."

నా మెరుగును తీసేసి వెంటనే కొత్త కాపీ తయారుచేశాం. దానితో పాటు వెళ్లే ఉత్తరంలో, ఒక మిషన్‌ను చూడకుండానే చూశామని రాసుకున్నామని, దానివల్ల ఒకరి రాత పోయిందని మేడమ్ ఉన్నదున్నట్టు రాశారు. పరువు పోతుందని బతిమాలాను. "పోయేది మన పరువేగా," అన్నారు.

ఇంకోటి కూడా చేశారు. క్లర్కుగారిని అడిగి, పంతొమ్మిదో ఎక్కం బదులు ఆయన ఫైల్‌ను పరీక్ష ఫైల్‌గా సోర్స్‌లోనే పెట్టారు. ఎక్కడ ఎవరు మా ఎడిటర్‌ను కంపైల్ చేసినా, ముందు ఆ పనిముట్ల జాబితా దాచుతూ, మధ్యలో ప్రోగ్రామ్‌ను చంపి, జాబితా బతికిందో లేదో చూడాల్సిందే. ఆయన వచ్చి తెర మీద చూసుకున్నారు. కొలిమి శీర్షిక కింద పోయిన రాతకు వదిలిన ఖాళీ కనబడకూడదని నేను ఆ ఖాళీ వరసలు చెరిపేయబోయాను.

"అది అట్లనే ఉంచు బిడ్డా," అన్నారు. "గాయన చెప్పిండు. మనమే పోగొట్టినం."

మనమే అన్నారు. ఆయన పోగొట్టింది ఏముంది?

ఆయన రిటైరయ్యారు, తర్వాత మేడమ్ రిటైరయ్యారు. పోతూ పోతూ అట్ట నోట్‌బుక్, ఎడిటర్ రెండూ నాకు అప్పగించారు. ఆ తర్వాత కొన్నేళ్లకు, ఎక్కడో దూరదేశంలో ఒకరు మంచి మనసుతోనే నాకొక ప్యాచ్, అంటే చిన్న సవరణ, పంపారు. పరీక్ష ఫైల్‌లో ఒకచోట ఊరికే ఖాళీ వరసలున్నాయి, తీసేశాను, అని.

తీయొద్దని జవాబు రాశాను. ఎందుకో కూడా రాశాను. ఒక శుక్రవారం బంద్ అని, నేను వెళ్లలేదని.