మేస్త్రీ గారి ఎడమ కాలు

అనుమానం మేస్త్రీ తన బామ్మర్దిని రెంచి పట్టుకుని షెడ్డులోంచి తరిమాడని వీధంతా చెప్పుకుంటున్నారు. తరమలేదు. రెంచి చేతిలో ఉన్న మాట నిజమే. అది ఆయన చేతిలో ఎప్పుడూ ఉండేదే, అన్నానికి కూర్చున్నా పక్కన పెట్టుకుంటాడు. బామ్మర్ది తనంతట తనే వెళ్ళిపోయాడు. అతను షెడ్డులో కొత్త సామాను తీసి పాత సామాను పెట్టించాడని ఇంకో మాట తిరుగుతోంది. అదీ అబద్ధమే. ఆ షెడ్డుకీ నా కుట్టుమిషనుకీ మధ్య ఉన్నది ఒక్క రేకు గోడ. అవతల నట్టు కింద పడితే అది ఎంత సైజుదో ఇవతల నాకు తెలిసిపోతుంది. మిగతాది మేస్త్రీ భార్య చెప్పింది. ఆవిడని నేను వదినా అని పిలుస్తాను. జాకెట్టు కొలతలకని వచ్చి కడుపులోదంతా చెప్పి, కొలతలు ఇవ్వకుండానే వెళ్ళిపోతుంది.

ముందు మేస్త్రీ ఎలాంటివాడో చెప్పాలి. క్లచ్ పని తప్ప ఇంకోటి పట్టుకోడు. ఆయనకి పని నేర్పిన పెద్దాయనకి చెవుడు. లారీ ఇంజను పక్కన ముప్పై ఏళ్ళు పనిచేస్తే ఎవరికైనా వస్తుంది. చెవి పోయాక ఆ పెద్దాయన బండి రోగమంతా కాలితో కనుక్కునేవాడట. చెప్పులు బయట విడిచి, ఉత్త ఎడమ కాలు పెడల్ మీద పెట్టి, కళ్ళు మూసుకునేవాడట. "చెవి అబద్ధం చెప్తుంది, బండి ఓనరు అబద్ధం చెప్తాడు, కాలు చెప్పదు" అని శిష్యుడికి నూరిపోశాడు. శిష్యుడు ఆ మాటని తాయెత్తులా కట్టుకున్నాడు. కాలొక్కదాన్ని నమ్మాడు, మిగతా లోకాన్ని మొత్తం అనుమానించాడు.

ఎవరో ఒకరు బండి తెచ్చి గేరుబాక్సు పోయిందని మొత్తుకునేవారు. మేస్త్రీ నమ్మేవాడు కాదు. హ్యాండ్‌బ్రేకు లాగి, మూడో గేరులో వేసి, మెల్లగా క్లచ్ వదిలేవాడు. ఇంజను టక్కున ఆగిపోతే క్లచ్ పట్టు బాగున్నట్టు. బండి కదలకుండా ఇంజను మాత్రం హాయిగా తిరుగుతూ ఉంటే ప్లేటు జారుతున్నట్టు. పెడల్ తొక్కినప్పుడే కీచుమంటే బేరింగు. పూర్తిగా తొక్కినా రివర్సు గేరు గరగరలాడితే ప్లేటు విడవడం లేదు. ఇవన్నీ రేకు గోడ ఇవతల కూర్చుని నేనే నేర్చేసుకున్నాను, ఆయన నేర్చుకోవడంలో ఆశ్చర్యం ఏముంది.

ఆయన ఒక్కడికే తెలిసిన విద్య ఇంకోటి ఉంది. పెడల్ తొక్కడం మొదలుపెట్టగానే క్లచ్ పని చేయకూడదు. మొదట కొంచెం దూరం ఉత్తినే దిగాలి. దాన్ని ఆట అంటారు. ఆట లేకపోతే క్లచ్ ఎప్పుడూ కాస్త తొక్కినట్టే ఉంటుంది, ప్లేటు జారి జారి మాడిపోతుంది. మిగతా మెకానిక్కులు ఆ ఆటని స్కేలు పెట్టి కొలుస్తారు. ఈయన ఎడమ కాలి బొటనవేలితో చూస్తాడు. వేలు మెల్లగా నొక్కుతాడు, లోపల బరువు తగిలిన చోట ఆగుతాడు, కింద కేబుల్ నట్టు ఒక చుట్టో అరచుట్టో తిప్పుతాడు. అంతే. స్కేలు వాడేవాళ్ళని చూసి, ఉప్పు చాలిందో లేదో తక్కెడలో తూచి చెప్పేవాళ్ళంటూ నవ్వేవాడు.

అనుమానం అన్న పేరు ఊరికే రాలేదు. బిగించిన ప్రతి బోల్టు మీదా ఎర్ర పెయింటు చుక్క పెట్టేవాడు, బయట ఎవరైనా విప్పితే చుక్క పగిలి తెలిసిపోవాలని. కొత్త ప్లేటు వేసేముందు అంచు మీద మేకుతో గుర్తు కొట్టుకునేవాడు. రెండేళ్ళ కిందట డాక్టరు షుగర్ ఉందని చెప్తే, ఆ డాక్టరూ ల్యాబువాడూ ఒకే గేటులోంచి బయటికి రావడం కళ్ళారా చూశానని మాత్రలు మానేశాడు. వదిన బతిమాలింది, అలిగింది, ఊరుకుంది.

ఇక బామ్మర్ది. వదినకి ఒక్కగానొక్క తమ్ముడు, మేస్త్రీ చేతుల్లోనే డ్రైవింగు నేర్చుకున్నాడు. ఆసుపత్రి దుప్పట్లు లాండ్రీకి చేరవేసే వ్యాన్ నడుపుతాడు. ఉదయం మురికి మూటలు తేవడం, సాయంత్రం ఉతికినవి ఇవ్వడం. రోజుకి పదిసార్లు ఎత్తైన ర్యాంపు ఎక్కాలి. ఆ వ్యాన్ క్లచ్ పోయింది. మేస్త్రీ కొత్త ప్లేటు వేశాడు. అది మామూలుగా రెండేళ్ళు రావాలి. నాలుగు నెలల్లో మాడింది. మళ్ళీ వేశాడు. రెండు నెలలు. ర్యాంపు మధ్యలో వ్యాన్ ఆగిపోయి, వెనకాల అంబులెన్సు నిలబడిపోయింది. లాండ్రీ సూపర్వైజరు పిలిచి, ఇంకొక్కసారి ఆగితే పని వేరే వ్యాన్‌కి ఇచ్చేస్తానని బామ్మర్దికి తేల్చి చెప్పాడు. ఇల్లు గడిచేది ఆ వ్యాన్ మీదే.

మేస్త్రీకి నిద్ర పట్టలేదు. నా చేతి పని రెండు నెలలకి మాడటమేమిటి, ఎవడో ఏదో చేస్తున్నాడు అనుకున్నాడు. మొదట సామాను కొట్టువాడి మీద పడ్డాడు, నకిలీ ప్లేట్లు అంటగడుతున్నాడని. ప్లేటు తీసి చూస్తే గుర్తు గుర్తులాగే ఉంది, సరుకు అసలుదే. తర్వాత ఇంజను ఆయిలు కారి ప్లేటు మీద పడుతోందేమోనని చూశాడు. ఆయిలు ఆపే సీలు పొడిగా, శుభ్రంగా ఉంది. తర్వాత సందు చివర కొత్తగా పెట్టిన షెడ్డువాడి మీద పడ్డాడు. ఈ మధ్య నలుగురైదుగురు పాత గిరాకీలు అటు వెళ్తున్నారు, వాడే మనుషుల్ని పెట్టి తన పని చెడగొడుతున్నాడని. ఎర్ర చుక్కలు చూస్తే ఒక్కటీ పగల్లేదు. అప్పుడైనా ఊరుకున్నాడా? ఆ ఎర్ర పెయింటు వాడికి మాత్రం దొరకదా అన్నాడు.

అందరూ అయిపోయాక మిగిలింది బామ్మర్దే. కాలు ఎప్పుడూ పెడల్ మీద పెట్టుకుని నడిపితే ప్లేటు ఇలాగే మాడుతుంది. అతను ఒట్టేశాడు, పెట్టనని. మూడో ప్లేటు వేశాక మేస్త్రీ పక్కన కూర్చుని రెండు రోజులు తిరిగాడు. కాలు నేల మీదే ఉంది. నేను చూస్తున్నానని బుద్ధిగా ఉన్నాడు అని తేల్చాడు.

తర్వాత వదినని పిలిచి, నువ్వు ఎక్కు, ఆసుపత్రిలో పని ఉందని చెప్పు, మీ తమ్ముడి ఎడమ కాలు మీద ఒక కన్నేసి ఉంచు అన్నాడు. సొంత తమ్ముడి మీద అక్కని నిఘా పెట్టిన మొగుణ్ణి నేను ఎక్కడా చూడలేదు. వదిన మూడు రోజులు ఒళ్ళో సంచి పెట్టుకుని కూర్చుంది. రెండో రోజే తమ్ముడు పసిగట్టాడట.

"అక్కా, నా మొహం ఇటుంది. నువ్వు చూస్తున్నది కింద."

"చెప్పు పాతబడింది కదరా, కొత్తది కొనుక్కో అందామని."

అతను నవ్వాడట కానీ ఆ నవ్వులో ఉప్పు లేదట. వదిన ఇంటికొచ్చి, కాలు ఒక్కసారి కూడా ఉత్తినే పెడల్ మీద పెట్టలేదని చెప్పింది. మేస్త్రీ పెళ్ళాం మొహంలోకి చాలాసేపు చూసి, ఎంతైనా పుట్టింటివాడు కదా అన్నాడు. ఆ పూట వదిన నా దగ్గరకి వచ్చి కొలతలూ ఇవ్వలేదు, కబుర్లూ చెప్పలేదు. స్టూలు మీద కూర్చుని దారం ఉండలు చుట్టి వెళ్ళింది.

మూడు వారాలకి వ్యాన్ మళ్ళీ షెడ్డు ముందు ఆగింది. మాడు వాసన మొదలైందని బామ్మర్ది చెప్పాడు. అప్పుడు జరిగిందే మీరంతా తరమడం అంటున్నది. నేను మిషను ఆపి విన్నాను.

"ఒరేయ్, ప్లేటు తప్పు కాదు, బోల్టు తప్పు కాదు, సీలు తప్పు కాదు. ఇంక మిగిలింది ఎవర్రా?"

"నువ్వు మిగిలావు బావా."

షెడ్డులో రేడియో మోగుతోంది, దాన్ని కూడా ఎవరో ఆపేశారు. ఈ చేతుల్లో నేర్చుకుని ఈ చేతులకే వంక పెడతావా అని మేస్త్రీ అన్నాడు. చేతుల సంగతి నేను అనలేదు, మనసు సంగతి అన్నాను, అక్కని కూడా నమ్మని మనిషి దగ్గర బండి పెట్టను అని అతను వ్యాన్ తీసుకుని వెళ్ళిపోయాడు. మేస్త్రీ గుమ్మంలో నిలబడ్డాడు, రెంచి చేతిలోనే ఉంది. ఎదురుగా బండ్లవాళ్ళు చూసింది ఆ రెంచినే.

రెండు రోజుల తర్వాత ఆదివారం మధ్యాహ్నం. మేస్త్రీ షెడ్డు ఊడ్చి, ఉత్త కాళ్ళతో ఇంట్లోకి వచ్చి, కుండలో నీళ్ళు ముంచుకుని తాగి, వంటగదిలోంచి ముందుగదికి, ముందుగదిలోంచి పెరట్లోకి వెళ్ళాడు. వదిన అప్పుడే గచ్చు తుడిచింది. తడి గచ్చు మీద అడుగడుగుకీ ఒక ఎర్ర చుక్క. మొదట పెయింటు అనుకుందట. వేలితో ముట్టుకుని చూసి, పెరట్లోకి పరిగెత్తి, ఆయన్ని తిన్నె మీద కూర్చోబెట్టి ఎడమ కాలు పైకెత్తింది. బొటనవేలి కింద రేకు ముక్క దిగబడి ఉంది, చిటికెనవేలి గోరంత.

వదిన దాన్ని లాగింది. ఆయన ఆకాశంలోకి చూస్తూ, సామాను కొట్టువాడూ బామ్మర్దీ ఒకటే టీ కొట్టుకి వెళ్తారన్న సంగతి మాట్లాడుతూనే ఉన్నాడు.

వదిన జాకెట్టుకి గుచ్చుకున్న సూది తీసి అరికాలి మీద మెల్లగా పొడిచింది. ఆయన మాట ఆపలేదు. ఇంకొంచెం గట్టిగా పొడిచింది. మాట ఆపలేదు.

"ఏవండీ. నేనిప్పుడు ఏం చేశానో చెప్పండి."

"తుడుస్తున్నావుగా."

వదిన సూది చూపించింది. ఎన్నాళ్ళ నుంచి ఇలా ఉంది అని అడిగింది. మొద్దుబారినట్టు ఎప్పుడన్నా ఉంటుందిలే అన్నాడు. తర్వాత వదిన ఈ మాట అడిగింది.

"మా తమ్ముడి వ్యాన్ పెడల్ మీరు చూసింది ఏ వేలితో?"

ఆయన బొటనవేలు పట్టుకుని నొక్కి చూసుకున్నాడు. ఒంట్లో ఎవరో ఇంజను ఆపేసినట్టు కూర్చున్నాడట. ఆయనకి అర్థమైంది మనకీ అర్థం కావాలంటే ఇదీ సంగతి. షుగర్‌కి మొద్దుబారిన ఆ వేలికి బరువు తగిలినా తెలియలేదు. ఆట చాలా ఎక్కువ ఉందనుకుని ప్రతిసారీ కేబుల్ బిగించేశాడు. ఉన్న ఆట కాస్తా పోయింది. క్లచ్ రోజంతా సగం తొక్కినట్టే నడిచింది, ర్యాంపులెక్కి మాడింది. సందు చివరి షెడ్డుకి పోయిన ఆ నలుగురైదుగురివీ కేబుల్ బిగించి ఆట సరిచేసే బండ్లే. వాళ్ళు మర్యాదకి నోరు విప్పలేదు, దారి మార్చుకున్నారు. ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు కానీ, వదిన కుట్టుసూదితో పట్టేసింది.

సోమవారం పొద్దున్నే మేస్త్రీ మా గుమ్మంలో నిలబడ్డాడు. చెప్పులు వేసుకుని ఉన్నాడు, అవి అద్దె చెప్పులైనట్టు నడుస్తున్నాడు. నా ఇనప స్కేలు అడిగాడు. ఇచ్చాను. వదిన వెనకాల వెళ్ళింది కాబట్టి మిగతాది తెలిసింది.

లాండ్రీ గేటు దగ్గర బామ్మర్ది మూటలు ఎక్కిస్తున్నాడు. బావని చూసి తల తిప్పుకున్నాడు.  మేస్త్రీ వ్యాన్ తలుపు తీసి, నేల మీద మోకాళ్ళేసి, పెడల్ పక్కన స్కేలు నిలబెట్టి, చేత్తో నొక్కాడు. ఆట సున్నా. స్కేలు మీద ఒక్క గీత కూడా దిగకుండానే బరువు తగిలింది. మళ్ళీ నొక్కాడు, ఈసారి స్కేలుని అనుమానించినట్టు తిరగేసి పెట్టి నొక్కాడు. అదే సున్నా. కిందికి దూరి కేబుల్ నట్టు వదులు చేశాడు. రెండు సెంటీమీటర్ల ఆట వచ్చేదాకా నాలుగుసార్లు కొలిచాడు. లేచి, చేతులు తుడుచుకుని, బామ్మర్ది వైపు చూడకుండా అన్నాడు.

"నువ్వు ఎక్కి తొక్కి చూడు. నీ కాలికి తెలుస్తుంది. నా కాలికి తెలియదు."

అతను మూట దించి అక్క వైపు చూశాడు. అక్క తల ఊపింది. ఎక్కి, హ్యాండ్‌బ్రేకు లాగి, మూడో గేరు వేసి, క్లచ్ మెల్లగా వదిలాడు. వ్యాన్ ఒక్కసారి వణికి ఇంజను టక్కున ఆగిపోయింది. ప్లేటు ఇంకా పూర్తిగా మాడలేదు, బతికిపోయింది. లాండ్రీ సూపర్వైజరు కిటికీలోంచి తల బయటపెట్టి, మళ్ళీ ఆగిందా అని అడిగాడు. బామ్మర్ది, లేదు సార్, బాగైంది, అన్నాడు. ఆగిపోయిన బండిని బాగైందంటాడేమిటని ఆ సూపర్వైజరు ఇప్పటికీ అనుమానంగానే చూస్తాడట.

వ్యాన్ ఆ సాయంత్రం ర్యాంపు ఎక్కింది. అప్పటినుంచి ఆగలేదు. బామ్మర్ది మళ్ళీ షెడ్డుకి వస్తున్నాడు, బావతో మాటలు పొదుపుగానే ఉన్నాయి కానీ, మేస్త్రీ కేబుల్ బిగించిన ప్రతి బండీ ఎక్కి చివర తొక్కి చూసేది అతనే. నా స్కేలు తిరిగి రాలేదు.

నా మనసుని పీకుతున్నది ఒకటే. వదిన వెంట డాక్టరు దగ్గరికి వెళ్ళి మాత్రలు మళ్ళీ మొదలుపెట్టాడు కానీ, రేకు గోడ ఇవతల కూర్చుంటే చెప్పుల చప్పుడు రోజూ వినిపించడం లేదు. పాత అలవాటు. అడిగితే వేసుకున్నాననే అంటాడు. అందుకని, మీరు ఆ రెంచి మాట మానేసి, అటు వెళ్ళినప్పుడు బండి పనున్నా లేకపోయినా ఒక్కసారి షెడ్డులోకి తొంగిచూడండి. కాళ్ళకి చెప్పులున్నాయో లేవో చూడండి. ఎడమ కాలు ఎత్తి చూపించమనండి. మిమ్మల్ని ఎవరు పంపారని అనుమానంగా చూస్తాడు, చూడనివ్వండి. అరికాలు చూడకుండా మాత్రం రావద్దు, ఆ కాలు తన సంగతి ఇంక ఆయనకి చెప్పదు.