ఎదుటి కొట్టు గోత్రం

మా ఊరి సెంటర్లో కొత్తపేట బస్సు ఆగేచోట, రోడ్డుకి అటొకటి ఇటొకటి రెండు కొబ్బరి కొట్లు ఉన్నాయి. చుట్టుపక్కల తోటల్లో దింపిన కాయంతా ఈ రెండింట్లో ఏదో ఒకదానికి చేరాల్సిందే. తూర్పు కొట్టు వాళ్లది ఒక పార్టీ, పడమటి కొట్టు వాళ్లది ఇంకో పార్టీ. ఒక కొట్టు అరుగు మీద కూర్చుని టీ తాగినవాణ్ణి రెండో కొట్టువాళ్లు పలకరించరు. రెండు కొట్ల మెట్లూ ఎక్కే మనిషి ఊళ్లో మా ఆయనొక్కరే. రెండిళ్లకీ పురోహితులు ఆయనే మరి.

నాకిది మొదటినుంచీ గుబులే. ఏదో ఒకరోజు ఇద్దరి మధ్యా పడి నలిగిపోతారండీ అని నేను అంటూనే ఉండేదాన్ని. ఆయన నవ్వేసేవారు. పూజ మొదట్లో సంకల్పం చెప్పేటప్పుడు గోత్రమూ పేరూ అడుగుతారు గానీ పార్టీ అడగరు కదా అని ఆయన ధీమా. ఊళ్లో ఏ ఇంటి గోత్రమైనా, మొన్న పుట్టిన పిల్లాడి పేరుతో సహా, ఆయనకి నోటికి వచ్చు. కాగితం చూసి చదవడం ఆయనకి మహా నామోషీ.

విజయదశమికి కొబ్బరి వర్తకులు కాటాకి పూజ చేస్తారు. ముందు తూర్పు కొట్టులో, తరవాత పడమటి కొట్టులో చేయించడం మామగారి కాలం నుంచీ వస్తున్న వరస. ఆ ఏడాది పంచాయతీ ఎన్నికలు దగ్గరపడ్డాయి. సర్పంచి పదవికి రెండు కొట్ల యజమానులూ నిలబడ్డారు. పండగనాడు తెల్లవారీ తెల్లవారకుండానే పడమటి కొట్టు కారు మా గుమ్మంలో ఆగింది. ముందు మా పూజే జరగాలండి అన్నారు. వద్దని నేను కళ్లతో సైగ చేశాను. ఆయన చూడలేదో, చూసి కూడా మొహమాటపడ్డారో, కారెక్కేశారు.

అక్కడ పూజ ముగించి రోడ్డు దాటి తూర్పు కొట్టుకి వెళ్లేసరికి యజమాని ముఖం మాడ్చుకుని పీట మీద కూర్చుని ఉన్నాడు. ఆ ముఖం చూసి మా ఆయన కంగారుపడ్డారు. గబగబా సంకల్పం మొదలుపెట్టి, అప్పుడే చెప్పి వచ్చిన పడమటి కొట్టాయన గోత్రమూ పేరూ, భార్యాపిల్లల పేర్లతో సహా చెప్పేశారు. చెప్పినట్టు ఆయనకే తెలియలేదు. చేతిలో అక్షతలు పట్టుకున్న యజమాని కళ్లు తెరిచాక తెలిసింది. మళ్లీ చెబుతానంటే యజమాని ఒప్పుకోలేదు. గొంతు కూడా పెంచలేదు.

"ఆయ్, పూజ బాగా జరిగిందండి గురువుగారండీ. ఎవరికి జరిగిందో కూడా విన్నామండి."

గుమస్తా ఒకడు ఇదంతా ఫోన్లో తీస్తున్నాడు. మధ్యాహ్నం భోజనాల వేళకి ఊళ్లో ఆ వీడియో చూడనివాళ్లు లేరు. ముక్తేశ్వరంలో ఉన్న మా ఆడపడుచు ఫోన్ చేసి, అన్నయ్య ఎందుకలా చేశాడు వదినా అని అడిగింది. కావాలని చేసినట్టు మాట్లాడకు అని ఫోన్ పెట్టేశాను.

ఎన్నికల్లో తూర్పు కొట్టాయన ఓడిపోయాడు. పుణ్యమంతా అవతలివాడికి రాసిచ్చాక ఎలా గెలుస్తాడు అన్నారు జనం. అది చాలనట్టు గెలిచిన పడమటి కొట్టాయన ఆటోలో మా ఇంటికి పెద్ద అరటిగెలా, పట్టుపంచే పంపించాడు. వెనక్కి పంపేయండి అని నేను పట్టుబట్టాను. ఆయన మొహమాటపడి పంపలేదు. ఆ గెల మా వసారాలో దారినపోయే ప్రతివాడి కంటా పడుతూ పండింది. మేం ఒక్క పండూ తినలేదు.

తూర్పు కొట్టు వైపువాళ్లు వ్రతాలకీ తద్దినాలకీ పిలవడం మానేశారు. దానికి నేను ఏడవలేదు. నా భయమంతా ఆయన నోటి గురించి. ఎవరింటికి వెళ్లినా గోత్రం రెండుసార్లు అడగడం మొదలుపెట్టారు. తరవాత అరచేతిలో పెన్నుతో రాసుకోసాగారు. సంకల్పం దగ్గరకి వచ్చేసరికి ఆగి అరచెయ్యి చూసుకునేవారు. ఇంట్లో కూర్చున్నప్పుడూ పెదవులు కదుపుతూ పేర్లు వల్లెవేసుకునేవారు. మంత్రమే ఆయనకి ఆస్తి. అది చెయ్యి జారిపోతోందని నాకు కాలు ఒకచోట నిలిచేది కాదు. వంటింట్లోంచి వసారాలోకి, వసారాలోంచి వంటింట్లోకి తిరిగేదాన్ని.

వేసవి దాటాక ఒకరోజు సెంటర్లో మైకు మోగింది. పడమటి కొట్టాయన తూర్పు కొట్టు వాళ్ల పార్టీలో చేరిపోయాడు. ఇద్దరూ ఒకే రంగు కండువాలు వేసుకుని ఒకే జీపు మీద నిలబడి దండాలు పెట్టారు. నాకు ఒళ్లు మండిపోయింది. వాళ్ల మధ్య పగ ఉందని మేం ఇన్నాళ్లూ కుమిలిపోయాం, వాళ్లేమో చక్కగా కలిసిపోయారు.

మళ్లీ దసరా వచ్చింది. ఈసారి పూజ ఒకటే, తూర్పు కొట్టులో. కారు పంపించారు. ఆయన వెళ్లనంటే వెళ్లనన్నారు. ఒక్కసారి అదే కాటా ముందు తప్పులేకుండా చెప్పి వస్తే ఈ పీడ వదులుతుందని నేనే బలవంతంగా పంపాను. ఆయన తిరిగి వచ్చేదాకా పులిహోర పోపు రెండుసార్లు మాడ్చాను. గుమ్మంలో చెప్పులు విప్పుతుండగానే, సరిగ్గా చెప్పారా అని అడిగాను.

"చెప్పేను. ఒక్క అక్షరం తప్పలేదు. అంతా అయ్యేక తూర్పు కొట్టాయన, పక్కనున్న పడమటి కొట్టాయన భుజం మీద చెయ్యేసి, 'మా తమ్ముడుగారి గోత్రం కూడా కలిపెయ్యండి గురువుగారండీ, మీకు అలవాటేగా' అన్నాడు. అందరూ నవ్వేరు."

"మీరేం చేశారు?"

"కలిపేను. నేనూ నవ్వేను."

చెయ్యి కడుక్కోమంటే వినకుండా అలాగే కూర్చున్నారు. అరచేతిలో రాసుకున్న గోత్రం చెమటకి అలుక్కుపోయి ఉంది. సాయంత్రం సంధ్యావందనానికి కూర్చున్నారు. వడుగు అయిన నాటినుంచీ రోజూ చేస్తున్నదే. చివర్లో తన గోత్రమూ తన పేరూ చెప్పుకుని నమస్కరించాలి. అక్కడికి వచ్చి ఆగిపోయారు. నేను వంటింట్లో నిలబడి వింటున్నాను. మళ్లీ వెనక నుంచి అందుకుని వచ్చారు, మళ్లీ అక్కడే ఆగారు.

పెళ్లయిన నాటినుంచీ అది నా గోత్రం కూడా. నేను గట్టిగా చెప్పాను, సెంటర్లో ఆ రెండు కొట్లకీ వినపడాలన్నంత గట్టిగా. ఆయన నా వైపు చూడకుండానే అందుకుని, మిగతాది పూర్తి చేశారు.