బాపమ్మకు వరంగల్ చూపించిన రోజు

నేను పదో తరగతి పాసైన ఏడాది మా ఇంట్లో రెండు పార్టీలు తయారయ్యాయి. ఒకదాంట్లో నేను, మా అమ్మ, హనుమకొండలో ఉండే మా చిన్నమ్మ. రెండోదాంట్లో మా బాపమ్మ, అంటే మా బాపు వాళ్ళమ్మ, ఒక్కతే. ఎన్నిసార్లు పోటీ పెట్టినా గెలిచేది ఆమే. మా బాపు మాత్రం భార్య ముందు తలూపుతూ, తల్లి ముందు తల దించుకుంటూ రోజులు నెట్టుకొచ్చేవాడు.

గొడవ నా చదువు గురించి. డెబ్బయ్యో దశకం చివరి మాట. మాది మరిపెడ దాటి లోపలికి పోతే వచ్చే పల్లె. ఇంటర్ చదవాలంటే నేను హనుమకొండ పోయి చిన్నమ్మ వాళ్ళింట్లో ఉండాలి. బాపమ్మ ఒక్కటే మాట పట్టుకుంది.

"సదువు ఒడిసింది గద! మల్ల హనుమకొండ ఎందుకు?"

ఒడవడం అంటే మా దిక్కు అయిపోవడం. నాట్లు ఒడుస్తాయి, జాతర ఒడుస్తుంది, గుమ్మిలో వడ్లు ఒడుస్తాయి. మా ఊరి బడిలో పదికి పైన తరగతి లేదు కాబట్టి, ఆమె లెక్కలో నా చదువు కూడా అలాగే ఒడిసింది. ఊర్లో ఎవరికి ఉత్తరం వచ్చినా చదివి పెట్టేది నేనే. తాసీలు ఆఫీసు కాగితం వచ్చినా నా దగ్గరికే తెచ్చేవారు. ఇంకా చదవడానికి ఏం మిగిలిందని ఆమె అడిగితే మా పార్టీలో ఎవరికీ సరైన జవాబు దొరికేది కాదు.

నిజం ఒప్పుకోవాలంటే నాకు కూడా చదువు మీద పెద్ద మోజు లేదు. నాకు కావలసింది హనుమకొండ. ఎండాకాలం సెలవుల్లో చిన్నమ్మ ఇంటికి పోయినప్పుడు వాకిట్లో నల్లా తిప్పితే ధర్మసాగర్ చెరువు నీళ్ళు బిందెలోకి వచ్చి పడేవి. మా ఊర్లో రెండు బిందెల నీళ్ళకు బావి దాకా పోయి చేంతాడుతో తోడాలి. పైగా అక్కడ సినిమా టాకీసులున్నాయి, టౌను బస్సులున్నాయి, సాయంత్రం పూట తోపుడు బండి మీద మిర్చీ బజ్జీలున్నాయి. వీటన్నిటికీ ఇంటర్ చదువు ఒక సాకు. అయినా ఇంట్లో ఏడ్చినప్పుడు మాత్రం "నేను సదువుకోవాలె" అనే ఏడ్చాను.

చివరికి మా బాపు తన జీవితంలో చేసిన ఒకే ఒక్క రాజకీయం చేశాడు. "నువ్వే ఓసారి పోయి ఊరు సూసి రావే అమ్మా. మంచిగనిపిస్తే పిల్లను ఆడ ఉంచు. లేకుంటే నీ ఎంబడే తోల్కరా" అన్నాడు. బాపమ్మ అంతకు ముందు హనుమకొండ చూడలేదు. మరిపెడ అంగడి ఆమెకు చివరి సరిహద్దు. "సరే, సూస్త" అంది. మర్నాడే ఇద్దరం బస్సెక్కి రాత్రికి చిన్నమ్మ ఇంటికి చేరాం.

చిన్నమ్మ భర్తను నేను చిన్నాయిన అనేదాన్ని. చౌరస్తా దగ్గర ఒక బట్టల దుకాణంలో చీరలు చూపించడం ఆయన ఉద్యోగం. ఒక చీర నచ్చలేదంటే మొహం మాడ్చుకోకుండా ఇంకోటి పరిచే మనిషి. నా కోసం ఒకరోజు సెలవు పెట్టి వరంగల్ అంతా బాపమ్మ ముందు పరచడానికి తయారయ్యాడు.

"పెద్దమ్మా, మీరు జర కూసుండి సూడుండ్రి. ఒకటి కాకుంటే ఒకటి మీకు నచ్చకపోతదా!"

మొదట నలుగురం వేయి స్తంభాల గుడికి పోయాం. దండం పెట్టుకోవడం అయిపోయాక బాపమ్మ నా చెయ్యి పట్టుకుని స్తంభాలు లెక్కపెట్టడం మొదలుపెట్టింది. ఆమె లెక్క ఇరవైల లెక్క. ఇరవై స్తంభాలు కాగానే నా వేలు ఒకటి మడిచేది. మేము గుడి చుట్టూ, నంది చుట్టూ, ఎదురుగా ఉన్న మంటపం చుట్టూ తిరిగాం. గుడి చూడటానికి వచ్చినవాళ్ళు మమ్మల్ని చూస్తున్నారు. నాకు సిగ్గేస్తోంది గానీ చెయ్యి ఆమె దగ్గర ఉంది, ఏం చెయ్యను!

తిరగడం అయిపోయాక ఆమె అడిగింది. "వెయ్యంటే ఎన్ని ఇర్వైలు బిడ్డా?"

"యాభై" అన్నాను, చదువుకున్నదాన్ని కదా, వెంటనే.

"నీకెన్ని ఏండ్లున్నయి?"

ఏండ్లంటే ఏళ్ళు కావు, వేళ్ళు. పది అన్నాను. చిన్నాయిన గబగబా మధ్యలోకి వచ్చాడు. "గట్ల కాదు పెద్దమ్మా! గోడలకు చెక్కిన చిన్న చిన్నయి గుడ లెక్కనే. అవన్ని కలిపితే వెయ్యి."

బాపమ్మ ఆయన్ని ఎగాదిగా చూసింది. "వెయ్యి అని పేరు వెట్టినోడు గుడ బట్టల దుకాణపోడే అయ్యుంటడు కొడుకా" అంది.

చిన్నమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాకు మాత్రం నవ్వు రాలేదు. మొదటి చీరే నచ్చలేదు. గుడి పేరులోనే అబద్ధం ఉన్న ఊర్లో మనవరాలిని ఉంచుతుందా?

తర్వాత భద్రకాళి గుడికి పోయాం. అక్కడ ఆమెకు తప్పు పట్టడానికి ఏమీ దొరకలేదు. చెరువు మీంచి గాలి చల్లగా వస్తోంది. అమ్మవారి ముందు కళ్ళు మూసుకుని చాలాసేపు నిలబడింది. పెదాలు కదులుతున్నాయి. పిల్లను క్షేమంగా ఇంటికి తోలుకపోయేటట్టు చూడమని మొక్కుతోందని నాకు తెలుసు. నేను పక్కనే నిలబడి నన్ను ఇక్కడే ఉంచమని మొక్కాను. ఆ పొద్దున అమ్మవారి దగ్గరికి మా ఒక్క ఇంటి నుంచే రెండు ఎదురెదురు అర్జీలు పోయాయి. బయటికొచ్చి చెరువు గట్టున సద్ది విప్పుకున్నాం. బాపమ్మ ఊరి నుంచి తెచ్చిన జొన్నరొట్టె, ఎల్లిపాయ కారం. చిన్నాయిన కారం నాలిక మీద పెట్టుకుని కళ్ళనీళ్ళు తుడుచుకుంటుంటే ఆమె మొదటిసారి నవ్వింది. అది మంచి శకునం అనుకున్నాను.

టౌను బస్సెక్కి స్టేషన్ దగ్గర దిగి, రెండు రిక్షాలు మాట్లాడుకుని ఖిలా వరంగల్ పోయాం. దారిలో చిన్నాయిన వెనక రిక్షాలోంచి అరుస్తూనే ఉన్నాడు. "ఇప్పుడు సూస్తరు పెద్దమ్మా, రాతి తోరణం! అసుంటిది యాడ లేదు!"

కోట గోడలు దాటి లోపలికి పోయేసరికి ఆమె మొహం విప్పారింది. రాళ్ళను చూసి కాదు. లోపల పొలాలున్నాయి. తొలకరి పడి అరకలు కడుతున్నారు. ఒక మడిలో మిరపనారు లేచి ఉంది. రిక్షా ఆపించి దిగి, ఆ నారు పోసినావిడతో విత్తనం ఎక్కడిదని, ఎరువు ఏమేశారని పావుగంట ముచ్చట పెట్టింది. మళ్ళీ ఎక్కుతూ, "రాజు పోయిండు గని ఎవుసం పోలేదు. మంచి ఊరే" అంది. నేను చిన్నమ్మ చెయ్యి గట్టిగా పట్టుకున్నాను.

తోరణం దగ్గర దిగాక కథ మారింది. మా ఇళ్ళల్లో తోరణం అంటే మామిడాకులది. ఆమె పైకి చూసి, కిందికి చూసి, అటు ఉన్న తోరణం కేసి, దూరంగా ఉన్న ఇంకో తోరణం కేసి చూసింది.

"తోరణమంటివి, ఆకులేవి?"

"ఇది రాతిది పెద్దమ్మా."

"గిది తోరణం కాదు కొడుకా, దర్వాజ. నాలుగు దిక్కులకు నాలుగు దర్వాజలు వెట్టిండ్రు. ఇల్లేది?"

లోపలి గుడి ఎప్పుడో కూలిపోయిందని, దర్వాజలే మిగిలాయని చిన్నాయిన చెప్పాడు. ఆ నేలంతా చెక్కిన రాళ్ళు పడి ఉన్నాయి. ఆమె వాటి మధ్యలో నడిచి, ఒక ఏనుగు తల మీద దుమ్ము చేత్తో తుడిచింది. "అయ్యో, ఎంత కష్టపడ్డరో" అంది. మా దిక్కు ఇల్లు కట్టేటప్పుడు దర్వాజ ఎత్తిన రోజు పండగే. పసుపు రాసి, బొట్లు పెట్టి, కొబ్బరికాయ కొట్టందే మేస్త్రి గోడ లేపడు. బొట్టు లేని దర్వాజ మా బాపమ్మ కంటికి ఆనదు. మేము చూసేలోపలే బొడ్లోంచి పసుపు పొట్లం తీసి, వెంట తెచ్చుకున్న సీసాలో నీళ్ళతో తడిపి, ఆ మహా దర్వాజకు తన చెయ్యి అందినంత మేర పసుపు రాసేసింది. దాని మీద అమ్మవారి కుంకుమతో వరసగా బొట్లు కూడా పెట్టింది.

అంతలో ములుగు వైపు నుంచి చూడటానికి వచ్చినవాళ్ళు కొందరు అటుగా వచ్చి, పసుపూ బొట్టూ చూసి, చెప్పులు విడిచి దండం పెట్టారు. వాళ్ళలో ఒకామె బాపమ్మనే అడిగింది, "ఏం దేవతమ్మా?" అని.

అప్పుడు వచ్చాడు కాపలా ఆయన, ఖాకీ చొక్కాతో, చేతికర్రతో. "ఏయ్ ముసలమ్మా! రాళ్ళకు పసుపెందుకు రాస్తానవ్?"

"ఎవల్రా నీకు ముసలమ్మ?"

ఆయన వెంటనే దారికొచ్చాడు. "గది కాదు పెద్దవ్వా. గవర్మెంటు రూలున్నది. ఏం పూయొద్దు. ఆ బోర్డు మీద రాసిండ్రు సూడు."

అక్కడో పెద్ద నీలం రేకు బోర్డు ఉంది. బాపమ్మ వెనక్కి తగ్గలేదు. తన ఆస్తి బయటికి తీసినట్టుగా నన్ను భుజం పట్టి ముందుకు నెట్టింది. "మా పిల్ల సదువంత సదివింది. బిడ్డా, సదువు! పసుపు పెట్టద్దని యాడ రాసిండ్రో నేను ఇంట."

బోర్డులో తెలుగు ఉన్న వైపు పెయింటు ఊడిపోయి తుప్పు మిగిలింది. బాగా కనపడేది ఇంగ్లీషు ఒక్కటే. అదీ మా బళ్ళో చదివిన పాఠాల్లాంటి ఇంగ్లీషు కాదు. ఒక్కో మాట జానెడు పొడుగుంది. నేను "డబ్ల్యూ, హెచ్, ఓ..." అని అక్షరాలు కూడబలుక్కుంటూ మొదలుపెట్టాను. మొదటి వాక్యం సగంలో ఆగిపోయింది. ములుగు వాళ్ళు కూడా చెప్పులు చేతిలో పట్టుకుని వింటున్నారు. చిన్నాయిన నన్ను కాపాడబోయి, "ఏమున్నదంటే పెద్దమ్మా, రాళ్ళను మంచిగ అర్సుకోవాలని..." అని అల్లబోయాడు. ఆమె చెయ్యెత్తింది, ఆయన ఆగిపోయాడు.

"నువ్వు సెప్పు బిడ్డా. ఏం రాసున్నది?"

"నాకు అర్థమైతలేదు బాపమ్మా" అన్నాను. ఏడుపొచ్చింది.

ఆమె కాపలా ఆయన వైపు తిరిగింది. "నీకు సదువస్తదా?"

"నాకూ రాదు పెద్దవ్వా. మా సారు చెప్పిండు" అన్నాడాయన పాపం, కర్ర చంకలో పెట్టుకుని.

బాపమ్మ మిగిలిన నీళ్ళతో కొంగు తడిపి తను రాసిన పసుపంతా తనే తుడిచింది. కొంచెం పసుపు రాతి సందుల్లో ఉండిపోతే గోటితో తీసింది. తిరుగు దారిలో చిన్నాయిన, "ఖుష్ మహల్ గుడ ఉండె పెద్దమ్మా, సూడకపోతిమి" అన్నాడు. ఆమె వినిపించుకోలేదు.

ఇక నా పని అయిపోయిందని నాకు అర్థమైంది. పది చదివి ఒక బోర్డు చదవలేనిదాన్ని ఇంకా చదివిస్తారా? ఇంటికొచ్చాక ఎవరూ చెప్పకముందే నా బట్టలు సంచిలో కుక్కుకున్నాను. చిన్నమ్మ కళ్ళు తుడుచుకుంటూ తలుపు దగ్గర నిలబడింది. సాయంత్రం నలుగురం బస్టాండుకు పోయాం. మరిపెడ మీదుగా పోయే బస్సు నిండిపోయి ఉంది. చిన్నాయిన కిటికీలోంచి తువ్వాల వేసి రెండు సీట్లు ఆపాడు. బాపమ్మ ఎక్కి కిటికీ పక్కన కూర్చుంది. నేను సంచి పట్టుకుని ఆమె వెనకే మెట్టు మీద కాలు పెట్టాను.

"నువ్వెందుకెక్కుతానవే?" అంది ఆమె.

నాకు అర్థం కాలేదు. అక్కడే ఆగిపోయాను. వెనకవాళ్ళు తోస్తున్నారు.

"దిగు! పది అయితే సదువంత ఒడిసిందనుకున్న నేను. ఇంకా ఇంత మిగిలిందని నాకెవలు సెప్పిండ్రు? గుడి సూపిస్తిరి, చెరువు సూపిస్తిరి, అసలు ముచ్చట సెప్పకపోతిరి!" అని మా అందరి మీదా కోప్పడింది. కింద చిన్నాయిన నోరు తెరిచాడు, మాట రాలేదు. చీరలు పరిచే మనిషికి మాట రాకపోవడం నేను అదొక్కసారే చూశాను.

నేను కిందికి దూకి కిటికీ దగ్గరికి పరుగెత్తాను. ఆమె చెయ్యి బయటికి చాచి నా నెత్తి మీద పెట్టింది. ఆమె చేతికి ఇంకా పసుపు వాసన వస్తోంది.

"ఊర్ల నువ్వు సదివిపెట్టే కాయితాలన్ని నమ్మి ఏలిముద్ర వేస్తున్న బిడ్డా" అంది మెల్లగా, నాకొక్కదానికే వినపడేట్టు. "మంచిగ సదువు."

బస్సు కదిలింది. హనుమకొండ నాదైంది. నల్లా, టాకీసు, బజ్జీలు అన్నీ నావే. ఎగిరి గంతెయ్యాల్సిన నేను సంచి కావలించుకుని అక్కడే నిలబడ్డాను. అప్పటిదాకా తాసీలు కాగితాల్లో నాకు తెలియని మాట వస్తే దాటేసి, మిగిలింది కలిపి చదివేదాన్ని. ఆ సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు. వాటి కింద ఆమె వేలిముద్రలున్నాయి. నేను చదువుకోవాలని నిజంగా అనుకున్నది, అప్పుడు, ఆ బస్టాండులో.