అవ్వ లేని కొంగల గూడు

లాప్‌టాప్ తెరమీద నేను తీసిన ఫోటో: కొంగల గూడు, కింద చెనక్కాయలు ఒలుస్తున్న పక్కింటి పెద్దమ్మ.

"ఆమెను క్రాప్ చెయ్ అక్కా. మనుషులు కనిపిస్తే పక్షుల ఫోటోల పోటీలో తీసుకోరు," అన్నాడు తమ్ముడు.

కిటికీలోంచి కొంగల రెట్ట వాసన, చేపల నీచు లోపలికొచ్చాయి. చిన్నప్పుడూ ఇదే వాసన.

హిందూపురం దగ్గర మా ఊళ్లో కొంగలు ఇళ్లమధ్య చింతచెట్లమీదే గూళ్లు కడతాయి. అవి పిల్లలతో ఉన్నంతకాలం మా అవ్వ చింతకాయలు దులపనిచ్చేది కాదు. ఒకసారి కెమెరాతో వచ్చినాయన, "కదలద్దవ్వా, గూటితోపాటు నువ్వూ ఫోటోలో పడతాండావు," అన్నాడు.

కొన్నాళ్లకు లైబ్రరీలో ఒక పత్రికలో ఆ ఫోటో కనబడింది. గూడుంది, అవ్వ లేదు. 'అడవిలో కొంగలు' అని రాశారు. మిగతా సగం వెనక అచ్చయిందేమోనని పేజీ తిప్పాను. ఎరువుల ప్రకటన ఉంది. వెంటనే పెన్సిల్ తీసి, గూటికింద తెల్లటి అంచులో అవ్వను గీశాను, ముక్కుపుడకతో సహా.

"ఏం పాపా, పుస్తకం పాడు చేస్తాండావే!" అని లైబ్రరీ సారు అరిచాడు.

"నేను పాడు చేయలేదు సార్. ఫోటో తీసిన ఆయప్ప మా అవ్వను కోసేసినాడు. నేను అతికిస్తాండా."

సారు బయటికి పంపేశాడు. మర్నాడే మళ్లీ వెళ్లి కూర్చున్నాను. అక్కడున్న పక్షుల పుస్తకాలన్నీ చదివేదాకా మానలేదు.

ఫోటో అందం కోసమే ఆయన అలా కోశాడని ఇప్పుడు తెలుసు. కానీ అందులో దులపని చింతకాయలు గూటిచుట్టూ వేలాడుతూనే ఉన్నాయి. వాటిని వదిలేసిన మనిషే లేదు.

పెద్దమ్మను అలాగే ఉంచి ఫోటోను పోటీకి పంపించాను. తీసుకోకపోతే పోనీ.