బస్సొచ్చిందేటి

బస్టాపులో నిలబడి విసిగిపోయిన వాళ్లు పక్కవాళ్లని అడిగే మాటనే ఫెబా తన సైటుకి పేరుగా పెట్టింది. "బస్సొచ్చిందేటి" అని. ఆఫీసులో అందరూ నవ్వారు. "నవ్వండి, కానీ రేపు మర్చిపోలేరు కదా" అంది ఆమె.

ఫెబాకి నలభై దాటాయి. ద్వారకా నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్ పై అంతస్తులో ఉన్న చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఉద్యోగం. భర్త ఫ్రాన్సిస్‌ది ఆటోనగర్‌లో లేతు పని. మద్దిలపాలెంలో అద్దె ఇల్లు. పిల్లలు లేరు. ఆ సంగతి ఇద్దరూ మాట్లాడుకోవడం మానేసి చాలా ఏళ్లయింది. ఆదివారం చర్చి, మిగతా రోజులు పని. ఈ రెంటి మధ్య దొరికిన ఖాళీ అంతా ఆమె ఆ సైటులోనే పోసింది. ఏ స్టాపుకి ఏ బస్సు ఎప్పుడొస్తుందో చెప్పే సైటు అది. కోడ్ మొత్తం ఎవరైనా చూసేలా, ఎవరైనా ఓ చెయ్యి వేసేలా నెట్‌లో పెట్టేసింది.

శనివారం మధ్యాహ్నాలు ఆఫీసు ఖాళీగా ఉండేది. యజమానిని అడిగి, నేర్చుకోవాలనుకునే వాళ్లని అక్కడ కూర్చోబెట్టేది. కోడ్‌ని ఎవరి లాప్‌టాప్‌లోకి వాళ్లు దించుకోవాలి. అసలుదాన్ని ముట్టుకోకుండా తమకంటూ ఒక బ్రాంచ్, అంటే నకలు, వేరు చేసుకోవాలి. మార్పు చేశాక, దీన్ని అసలుదాంట్లో కలుపుకోండి అని రిక్వెస్ట్ పంపాలి.

"ఒకరు రాసింది ఇంకొకరు సూడకుండా కలపకూడదు. నాను రాసినా అంతే" అనేది ఫెబా.

అలా వచ్చిన వాళ్లలో నర్గీస్ ఒకతె. పాత టౌనులో దర్జీ హుస్సేన్ బాషా కూతురు. పాలిటెక్నిక్ పూర్తిచేసి ఖాళీగా ఉంది. మొదటి రోజు మధ్యాహ్నమంతా ఆ ప్రాజెక్ట్ ఆమె లాప్‌టాప్‌లో తెరుచుకోనే లేదు. తెర నిండా ఎర్రటి వరసలు. ఏడుపు ఆపుకుంటున్న ఆ పిల్ల పక్కకి ఫెబా కుర్చీ లాక్కుంది.

"ఎర్రగా వచ్చిందని బెంగెందుకు? అది నిన్ను తిట్టట్లేదు. ఎక్కడ ఆగిపోయిందో సెప్తంది. నిదానంగా సదువు."

చీకటి పడే వేళకి సైటు తెరుచుకుంది. నర్గీస్ చేసిన మొదటి మార్పు ఒకే ఒక్క అక్షరం. పూర్ణా మార్కెట్ స్టాపు పేరులో దీర్ఘం పోయింది, అది సరిచేసింది. "బాగుంది. ఇలాంటివి ఇంకా వెతుకు" అని ఫెబా దాని కింద రాసి కలిపేసుకుంది. ఆ మాటని నర్గీస్ ఇంటికెళ్లి తండ్రికి చూపించుకుంది.

కలిపే అధికారం మాత్రం ఫెబా ఒక్కదానికే ఉండేది. ఇంకొకరికి కూడా ఇవ్వాలని అనుకుంటూనే ఉండేది. ఇద్దాంలే, తొందరేముంది అనుకునేది. కొన్నాళ్లుగా వస్తున్న తలనొప్పుల సంగతి కూడా అలాగే అనుకుంది. ఫ్రాన్సిస్‌కి చెప్పలేదు.

ఎండలు ముదురుతున్న రోజుల్లో ఒక పొద్దున జడ వేసుకుంటూ ఉంటే చేతిలోంచి దువ్వెన జారిపోయింది. వంగి తీయబోతే కుడిచెయ్యి రాలేదు. భర్తని పిలుద్దామనుకుంది. మనసులో అతని పేరు స్పష్టంగానే ఉంది. నోట్లోంచి మాత్రం అర్థంలేని శబ్దమేదో వచ్చింది. అద్దంలో తన మూతి ఒక పక్కకి జారిపోవడం చూస్తూనే కిందపడింది.

ప్రాణం దక్కింది. మెదడులో మాటలుండే చోట దెబ్బ తగిలిందని, బీపీ ఎన్నాళ్లనుంచో ఉండి ఉంటుందని డాక్టర్ చెప్పాడు. ఇంటికొచ్చేసరికి ఫెబాకి మిగిలిన మాట ఒక్కటే. "సరే." అన్నం పెట్టనా అంటే సరే. వద్దనడానికీ సరే. నొప్పిగా ఉందా అన్నా, కిటికీ మూసేదా అన్నా సరే. ఎవరైనా నిదానంగా మాట్లాడితే ఆమెకి అర్థమయ్యేది. లోపల జవాబు కూడా సిద్ధంగా ఉండేది. అది బయటికొచ్చేసరికి సరే అయిపోయేది. ఆమె వద్దనుకున్న చారునే ఫ్రాన్సిస్ మళ్లీ వడ్డించేవాడు. ఆమె కళ్లలో నీళ్లు చూసి, పొరపాటు ఎక్కడ జరిగిందో తెలియక తల పట్టుకునేవాడు.

ఈలోగా ఊళ్లో రోడ్డు పనుల వల్ల బస్సుల దారులు మారాయి. సైటులో పాత వేళలే ఉండిపోయాయి. సరిచేసిన కోడ్ నర్గీస్ ఎప్పుడో పంపింది. కలిపేవాళ్లు లేరు. రాని బస్సు కోసం ఎండలో నిలబడ్డామని జనం తిట్లు పెడుతున్నారు. ఆ తిట్లు చదవలేక ఒకరోజు నర్గీస్ మద్దిలపాలెం వచ్చింది.

గుమ్మంలోనే ఫ్రాన్సిస్ అడ్డుపడ్డాడు.

"సూడ్డానికి వచ్చావా, ఆ సైటు కోసం వచ్చావా?"

"రెండిటికీ అన్నా" అంది నర్గీస్.

"ఆ సైటే మింగేసింది మనిషిని. ఆఫీసులో అదే, ఇంటికొచ్చినా అదే. తలనొప్పని ఒక్కమాట నాకు సెప్పిందా? ఇంకా ఏటి కావాలి మీకు?"

లోపల మంచం మీద ఫెబా అంతా విన్నది. అది కాదు, నీకు చెప్పకపోవడం నా తప్పు అని అరవాలనిపించింది. "సరే, సరే!" అని అరిచింది. ఆ గొంతులో ఉన్నదేమిటో ఫ్రాన్సిస్‌కి తెలిసింది. పక్కకి తప్పుకున్నాడు.

నర్గీస్ అలమారలో ఉన్న ఫెబా లాప్‌టాప్ తెచ్చి ఆమె ముందు తెరిచింది. నల్లటి తెర మీద రంగురంగుల వరసలు. ఎక్కడ లోపలికి జరిగాయో, ఎక్కడ ఖాళీ వదిలిందో, ఆ పొందిక తనదే. తన వంటింట్లో డబ్బాలు గుర్తుపట్టినట్టు ఫెబా గుర్తుపట్టింది. చదవబోయింది. ఒక్క అక్షరం కూడా పలకలేదు. మళ్లీ మొదటి వరస నుంచి చూసింది. తెలియని భాషలో గోడ మీద రాసినట్టుంది. ఎడమచేత్తో కళ్లు మూసుకుంది.

నర్గీస్ ఆమె మోకాళ్ల దగ్గర కూర్చుంది. "అక్కా, కలిపే పని నాకు అప్పగిస్తావా? నువ్వు లేచేదాకానే."

"సరే."

"ఆ సరేని నాను నమ్మలేనక్కా. వద్దన్నా నువ్వు అదే అంటావు. ఇష్టం లేకపోతే లాప్‌టాప్ మూసెయ్. నాను ఏటీ అనుకోను."

ఫెబా చాలాసేపు ఆ తెరకేసి చూసింది. నువ్వు లేచేదాకానే అన్న మాట అబద్ధమని ముగ్గురికీ తెలుసు. ఎడమచేత్తో లాప్‌టాప్‌ని నెమ్మదిగా నర్గీస్ వైపు తోసింది.

లాప్‌టాప్ తెరుచుకున్నా, అధికారం మార్చాలంటే యజమాని ఫెబాయే అని మళ్లీ రుజువు చూపించాలి. పాస్‌వర్డ్ ఆమె తలలోంచి పోయింది. మిగిలింది వేలిముద్ర. లాప్‌టాప్‌లో ఉన్నది కుడి బొటనవేలిది. ఆ చెయ్యి ఒళ్లో బరువుగా పడి ఉంది. నర్గీస్ ఫ్రాన్సిస్ వైపు చూసింది. అతను వచ్చి మంచం మీద కూర్చున్నాడు. భార్య చేతిని రెండు చేతుల్లోకి తీసుకుని, మూసుకుపోయిన వేళ్లని ఒక్కొక్కటే విప్పి, బొటనవేలిని లాప్‌టాప్ మీద వేలిముద్ర చదివే చిన్న గడికి ఆనించాడు.

ఫెబాకి అమ్మ దీవెనమ్మ గుర్తొచ్చింది. రేషన్ షాపులో వేలిముద్ర వేసి, ఆ సిరా చీరకొంగుకి తుడుచుకుంటూ సిగ్గుపడేది అమ్మ. సంతకం నేర్పింది ఫెబాయే.

"అయ్యిందా?" అన్నాడు ఫ్రాన్సిస్.

"అయ్యిందన్నా."

అతను ఆ చెయ్యి వదల్లేదు. నుదుటికి ఆనించుకుని గట్టిగా ఏడ్చాడు. తను మంచాన పడ్డాక అతను ఏడవగా ఫెబా చూడటం అదే మొదటిసారి. ఎడమచెయ్యి అతని వీపు మీద వేసింది.

ఆ సాయంత్రమే బస్సుల కొత్త వేళలు సైటులోకి వచ్చాయి. ముందు హెన్రీ అనే ఇంకో కుర్రాడికి చూపించి, ఆ తర్వాతే నర్గీస్ కలిపింది.

వానాకాలం నాటికి ఫెబాకి కొన్ని మాటలు తిరిగొచ్చాయి. నీళ్లు, వద్దు, అమ్మ. భర్త పేరులో సగం వచ్చింది. చదువు రాలేదు. ఆఫీసులో ఆమె కుర్చీలోకి వేరే మనిషిని తీసుకున్నారు. శనివారం కూర్చోడానికి చోటు లేకపోతే ఫ్రాన్సిసే నర్గీస్‌కి ఫోన్ చేసి, మా ఇంటికొచ్చి సేసుకోండమ్మా అన్నాడు.

ఇప్పుడు ముందుగదిలో చాప మీద పిల్లలు లాప్‌టాప్‌లు పెట్టుకుని కూర్చుంటారు. ఫెబా గోడ పక్క కుర్చీలో ఉంటుంది. మొన్నొక శనివారం అలేఖ్య అనే అమ్మాయి కొత్తగా వచ్చింది. ఏ వరస ఎవరు రాశారో చూస్తూ, "దగ్గర దగ్గర అంతా ఫెబా అనే ఉంది. ఆవిడ ఇప్పుడు రాయట్లేదా అక్కా? ఎక్కడుంటారు?" అని అడిగింది.

నర్గీస్ తల వంచుకుంది. ఫెబా ఎడమచెయ్యి ఎత్తి తన గుండెల మీద పెట్టుకుంది. అలేఖ్యకి అర్థమవడానికి కాస్త సమయం పట్టింది. అర్థమవగానే గబుక్కున లేచి నిలబడింది.

ఫెబా ఆ పిల్లకేసి చూసి, కూర్చోమని చేత్తో సైగ చేసింది. తర్వాత ఫ్రాన్సిస్ వచ్చి ఆమెని లోపలి గదిలోకి నడిపించుకుపోయాడు. ఫెబా గోడ వైపు తిరిగి పడుకుంది. ముందుగదిలో కీబోర్డుల చప్పుడు మళ్లీ మొదలయ్యేదాకా ఆమె కళ్లు మూసుకోలేదు.